డ్రోన్ కోర్సుకి డబ్బు కట్టే ముందు

ప్రశ్న: నాది గాజువాక. వయసు 24, ఇంటర్ చదివి ఫొటో స్టూడియోలో పనిచేస్తున్నాను. 900 గ్రాముల ఫారిన్ డ్రోన్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో 70 వేలకి వస్తోంది. బిల్లు, పెట్టె లేవు. దాంతో బీచ్ రోడ్డులో, రుషికొండలో ప్రీవెడ్డింగ్ షూట్లు చేద్దామని ఆశ. సర్టిఫికెట్ లేకుండా ఎగరేస్తే లక్ష జరిమానా అని ఒకరంటారు. 250 గ్రాముల లోపుది కొంటే ఏ రూలూ వర్తించదని ఇంకొకరంటారు. మా ఓనరుగారేమో స్టేషన్‌లో లెటర్ పెట్టేస్తే చాలంటున్నారు. కోర్సు ఫీజు 50 వేలు, దానికి అప్పు చేయాలి. చేయమంటారా?

సమాధానం: అప్పు సంగతి కాస్త ఆపండి. ఆ డ్రోన్ మాత్రం కొనకండి. కారణాలు ఒక్కొక్కటీ చూద్దాం.

250 గ్రాములు దాటిన డ్రోన్‌ని కమర్షియల్‌గా ఎగరేయాలంటే నాలుగు సరిపోవాలి: ఎగరేసే మనిషికి సర్టిఫికెట్, డ్రోన్‌కి రిజిస్ట్రేషన్, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, ఎగరేసే చోట అనుమతి ఉన్న ఆకాశం. అందరూ మొదటిదాని వెంటే పరిగెడతారు, ఎందుకంటే దాన్ని అమ్మేవాళ్లున్నారు. విశాఖలో అన్నిటికంటే కష్టమైనది నాలుగోది. మీ ఇల్లు, మీరు పని అనుకున్న బీచ్ రోడ్డు రెండూ ఆ చిక్కులోనే ఉన్నాయి. అందుకే మీరు మొదట మ్యాపు చూడాలి, తరవాత డ్రోన్ సంగతి, ఆ తరవాతే కోర్సు.

2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ రూల్స్ ప్రకారం ఆకాశం మూడు రంగులు. గ్రీన్ జోన్‌లో నేల నుంచి 400 అడుగులు, అంటే 120 మీటర్ల దాకా ముందస్తు అనుమతి అక్కర్లేదు. యెల్లో జోన్‌లో అక్కడి ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి కావాలి. రెడ్ జోన్‌లో కేంద్ర ప్రభుత్వం అనుమతిస్తే తప్ప డ్రోన్ లేవకూడదు. నడుస్తున్న విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 - 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల వరకే గ్రీన్, ఆపైన యెల్లో. ఇంకా లోపలికి వస్తే అసలు నేల నుంచే ఆంక్షలు మొదలవుతాయి. ఏ వీధి ఏ రంగులో ఉందో ప్రభుత్వం వారి డిజిటల్ స్కై వెబ్‌సైట్‌లోని మ్యాపు చూపిస్తుంది. ఎగరేసే ముందు ప్రతిసారీ దాన్ని చూడటం పైలట్ బాధ్యత. నిరుడు చూశాను అంటే చెల్లదు, రంగులు మారుతుంటాయి.

ఇప్పుడు మన ఊరు సంగతి. విశాఖ విమానాశ్రయం నౌకాదళం వారి వైమానిక స్థావరం ఐఎన్ఎస్ డేగాలో భాగం. రన్‌వే వాళ్లదే. గాజువాక నుంచి అది నేరుగా చూస్తే నాలుగు కిలోమీటర్లు కూడా ఉండదు. కాబట్టి మీ డాబా మీద నుంచి ప్రాక్టీసు అనే ఆలోచనే పెట్టుకోకండి. ఎన్‌ఏడీ, షీలానగర్, మర్రిపాలెం వైపు కూడా అంతే. దీనికి తోడు తూర్పు నౌకాదళ కమాండ్ కేంద్రం, డాక్‌యార్డు, షిప్‌యార్డు, పోర్టు, రిఫైనరీ, స్టీల్‌ప్లాంటు, గంగవరం పోర్టు ఉన్నాయి. తన స్థావరాల చుట్టూ 3 కిలోమీటర్ల మేర డ్రోన్లు ఎగరేయొద్దని, ఎగిరితే కూల్చేస్తామని నౌకాదళం 2021లోనే ప్రకటించింది. డాక్‌యార్డు లాంటి చోట్లను పైనుంచి ఫొటో తీస్తే వ్యవహారం డ్రోన్ రూల్స్‌తో ఆగదు, అధికార రహస్యాల చట్టం దాకా వెళుతుంది. పెళ్లివారి వీడియోలో వెనక ఓడ బాగుంటుందని అటు తిప్పడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి గ్రహించండి.

ఆర్కే బీచ్ విమానాశ్రయం నుంచి నేరుగా పది కిలోమీటర్లు. దూరం ఒక్కటే లెక్కేస్తే 60 మీటర్ల దాకా పర్లేదనిపిస్తుంది. కానీ అక్కడ లెక్క విమానాశ్రయంతో ముగియదు. కోస్టల్ బ్యాటరీ వైపు జరిగేకొద్దీ నేవీ పరిధి దగ్గరపడుతుంది. నేవీ డే విన్యాసాలకి, వీఐపీ పర్యటనలకి, 2025 జూన్ 21న జరిగిన యోగా దినోత్సవం లాంటి వాటికి వేదిక అదే బీచ్ రోడ్డు. అలాంటప్పుడు ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ఆ ప్రాంతాన్ని తాత్కాలిక రెడ్ జోన్‌గా ప్రకటించవచ్చు. నిన్న గ్రీన్‌లో ఉన్న చోటు ఇవాళ రెడ్ కావచ్చు. పార్టీ దగ్గర అడ్వాన్సు తీసుకునేటప్పుడే 'ఆ రోజు ఆకాశం మూసేస్తే డ్రోన్ షాట్లు ఉండవు' అని కాగితం మీద రాసుకోండి. మాట మీద వదిలేస్తే పెళ్లిరోజు గొడవ మీ నెత్తినే పడుతుంది.

రుషికొండ, మధురవాడ, ఆనందపురం మెరుగు. విమానాశ్రయం నుంచి 17, 18 కిలోమీటర్లు దాటేశాయి. అయినా భీమిలి దారిలో నేవీ స్థావరం ఐఎన్ఎస్ కళింగ ఉందని మరిచిపోకండి. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు విమానాశ్రయం వల్ల ఇకమీదట తగరపువలస, భీమిలి వైపు కూడా దూరాలు కొలుచుకోవలసిందే. కంబాలకొండ వన్యప్రాణి అభయారణ్యం. అక్కడ మ్యాపు రంగుతో పాటు అటవీ శాఖ అనుమతి కూడా ఉండాలి. సింహాచలం కొండ మీద దేవస్థానం వారిని అడగకుండా డ్రోన్ తీయొద్దు.

ఎత్తు గురించి ఒక్క విషయం. కైలాసగిరి దాదాపు 173 మీటర్ల ఎత్తు. మీరు పైన వ్యూ పాయింటు దగ్గర డ్రోన్ లేపితే రిమోట్ తెర మీద సున్నా నుంచి మొదలవుతుంది, ఎందుకంటే అది లేచిన చోటు నుంచి కొలుస్తుంది. రూల్ మాత్రం డ్రోన్ కింద ఉన్న నేల నుంచి కొలుస్తుంది. కొండ అంచు దాటి సముద్రం మీదికి అడ్డంగా జరిపారనుకోండి, తెర మీద 5 మీటర్లు అని చూపిస్తున్నా అసలు ఎత్తు 178 మీటర్లు. 120 మీటర్ల హద్దు కొండ దిగకముందే దాటిపోయింది. ఈ ఊళ్లో చాలామంది తెలియక చేసే తప్పు ఇది. తీరం వెంట నేవీ హెలికాప్టర్లు తక్కువ ఎత్తులో వెళుతుంటాయి కాబట్టి ఇది కాగితం మీది తప్పు మాత్రమే కాదు. మనిషి ఉన్న విమానానికి డ్రోన్ ఎప్పుడూ దారి ఇవ్వాలి. హెలికాప్టర్ చప్పుడు వినపడగానే, అది ఎక్కడుందో వెతుక్కోకుండా, ముందు డ్రోన్‌ని కిందికి దించండి.

ఇక ఆ 900 గ్రాముల డ్రోన్. రూల్స్‌లో 250 గ్రాముల వరకు నానో, అక్కడి నుంచి 2 కిలోల వరకు మైక్రో, 25 కిలోల వరకు స్మాల్. మీరు చూసింది మైక్రో. మైక్రోని సరదాకి ఎగరేస్తే సర్టిఫికెట్ అక్కర్లేదు, డబ్బు తీసుకుని ఎగరేస్తే కావాలి. కాబట్టి మీకు కావాలి. కానీ అంతకంటే పెద్ద చిక్కు డ్రోన్‌దే. ప్రతి డ్రోన్‌కీ యూఐఎన్ అనే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, బండికి నంబరు ప్లేటు ఎలాగో అలాగ. మైక్రోకి ఆ నంబరు రావాలంటే ఆ మోడల్‌కి టైప్ సర్టిఫికెట్, అంటే ఆ మోడల్‌ని పరీక్షించి ఇచ్చే ఆమోదం, ఉండాలి. 2022 ఫిబ్రవరి 9 నుంచి విదేశాల్లో తయారైన డ్రోన్ల దిగుమతి నిషేధం. పరిశోధనకి, రక్షణ, భద్రత అవసరాలకి మాత్రమే మినహాయింపు. బిల్లు లేని ఫారిన్ డ్రోన్ అంటే అది ఏ దారిన వచ్చిందో మీరు చెప్పలేరు. రేపు మీ దగ్గర సర్టిఫికెట్ ఉన్నా, ఆ డ్రోన్‌కి నంబరు రాదు. నంబరు లేనిదానికి ఇన్సూరెన్స్ రాదు. అంటే 70 వేలు పెట్టి, ఎగరేసిన ప్రతిసారీ భయపడాల్సిన వస్తువు కొనుక్కున్నట్టు.

సెకండ్‌హ్యాండ్ అసలు కొనొద్దని కాదు. కొనే ముందు అమ్మేవాణ్ని మూడు అడగండి: యూఐఎన్ ఏది, బిల్లు ఏది, డ్రోన్ మీది సీరియల్ నంబరు, యూఐఎన్‌లోని సీరియల్ నంబరు ఒకటేనా. మూడూ ఉంటే డీ-3 ఫారంతో యాజమాన్యం మీ పేరుకి మార్చుకోవచ్చు. కొత్తది కొంటే డీ-2 ఫారం, ఫీజు 100 రూపాయలు. షాపువాడు 'రిజిస్ట్రేషన్ తరవాత చేసుకోవచ్చు సార్' అంటే, మోడల్ పేరు రాసుకుని టైప్ సర్టిఫికెట్ వచ్చినవాటి జాబితాలో ఉందో లేదో ముందు మీరే చూసుకోండి. పేరులో ఒక అక్షరం, ఒక అంకె తేడా ఉన్నా అది వేరే మోడల్ కిందే లెక్క.

250 గ్రాముల లోపు డ్రోన్ల గురించి మీరు విన్నది సగం నిజం. నానో ఎగరేయడానికి, డబ్బు కోసమైనా సరే, పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. టైప్ సర్టిఫికెట్ అక్కర్లేదు, ఇన్సూరెన్స్ తప్పనిసరి కాదు. కానీ రిజిస్ట్రేషన్ దానికీ ఉంది. ఆకాశం రంగులు దానికీ వర్తిస్తాయి. డాక్‌యార్డు పక్కన 249 గ్రాములదైనా, రెండు కిలోలదైనా తప్పు తప్పే. ఇంకో మెలిక: బరువు అంటే పెట్టె మీద రాసింది కాదు, గాలిలోకి లేచేటప్పుడు మొత్తం ఎంత ఉందో అది. బ్యాటరీ, మెమరీ కార్డు, లెన్స్ ఫిల్టర్, రెక్కలకి వేసే గార్డులు అన్నీ కలిపి. ఎక్కువసేపు ఎగురుతుందని పెద్ద బ్యాటరీ వేశారో, అదే డ్రోన్ 250 దాటి మైక్రో అయిపోతుంది. కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద అన్నీ తగిలించి ఒకసారి తూచుకోండి. స్టూడియో పని వరకే అయితే, బిల్లున్న, రిజిస్ట్రేషన్ అయ్యే నానో ఒకటి మీకు చాలు. 50 వేల అప్పు తప్పుతుంది.

ఓనరుగారి స్టేషన్ లెటర్ సంగతి. గ్రీన్ జోన్‌లో రూల్స్ ప్రకారం పోలీసుల అనుమతి తప్పనిసరి కాదు. రెడ్ జోన్‌లో పోలీసుల లెటర్ ఉన్నా చెల్లదు. అయినా బీచ్ లాంటి జనం ఉన్న చోట ముందురోజు స్టేషన్‌లో చెప్పి ఉంచడం మంచిదే. ఎవరో వంద నంబరుకి ఫోన్ చేస్తే వచ్చే కానిస్టేబులుకి మీరెవరో తెలిసి ఉంటుంది. అది మర్యాద, అనుమతి కాదు. ఆ తేడా ఓనరుగారికి కూడా చెప్పండి. రూల్స్ ఉల్లంఘిస్తే లక్ష రూపాయల దాకా జరిమానా అన్నది నిజమే. పోలీసులు విడిగా కేసు పెట్టే వీలూ ఉంది. అది పడేది రిమోట్ పట్టుకున్న మీ మీద.

ఇప్పుడు కోర్సు. వ్యవసాయ స్ప్రేయింగు, భూముల సర్వే, అపార్టుమెంట్ల కన్‌స్ట్రక్షన్ ప్రోగ్రెస్ వీడియోలు, సోలార్ ప్యానెళ్ల తనిఖీ లాంటి పనులకి వెళ్లాలనుంటే అప్పుడు కోర్సు చేయండి. ఆ పనుల్లో పెళ్లిళ్ల సీజన్‌తో నిమిత్తం లేదు. అనకాపల్లి, చోడవరం చెరకు పొలాల వైపు విమానాశ్రయం బాధ కూడా తక్కువ. మా అభిప్రాయంలో మీ వయసువాళ్లకి నిలకడైన దారి అదే. 10 లీటర్ల ట్యాంకున్న స్ప్రే డ్రోన్లు నిండుగా ఉన్నప్పుడు 25 కిలోలకి లోపే ఉండేలా తయారవుతాయి, అంటే స్మాల్ క్లాస్. కాబట్టి కోర్సు కూడా స్మాల్ క్లాస్, రోటోర్‌క్రాఫ్ట్ (తిరిగే రెక్కలతో లేచేవి) విభాగంలో చేయండి. మైక్రోకి మాత్రమే చేసి తరవాత బాధపడేవాళ్లున్నారు.

అర్హత: 18 నుంచి 65 ఏళ్ల వయసు, పదో తరగతి పాసు. పౌర విమానయానాన్ని నియంత్రించే కేంద్ర సంస్థ డీజీసీఏ గుర్తింపు ఉన్న రిమోట్ పైలట్ శిక్షణ సంస్థలోనే నేర్చుకోవాలి. గుర్తింపు ఉన్నవాటి జాబితా డీజీసీఏ వెబ్‌సైట్‌లో ఉంటుంది. 'మాది ఫలానా సంస్థతో టై-అప్' అన్న చోట ఆ ఫలానా సంస్థకే ఫోన్ చేసి కనుక్కోండి. హైదరాబాద్‌లో తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ లాంటి ప్రభుత్వ సంస్థలూ నేర్పుతున్నాయి. స్మాల్ క్లాస్ కోర్సు మామూలుగా అయిదు నుంచి ఏడు రోజులు: థియరీ, సిమ్యులేటర్, ఫీల్డులో ఎగరేయడం. ఫీజు అడిగేటప్పుడు జీఎస్టీ కలిపా, వసతి ఉందా, పరీక్ష తప్పితే మళ్లీ రాయడానికి ఎంత, ఒక్కొక్కరికి నిజంగా రిమోట్ చేతికిచ్చే సమయం ఎంత అన్నవి అడగండి. ఆఖరిది ముఖ్యం. ఇరవై మందికి ఒక డ్రోన్ ఉన్న చోట మీరు చూస్తారు తప్ప నేర్చుకోరు.

కాగితాల్లో మన వాళ్లకి తగిలే దెబ్బ పేరు దగ్గర. పదో తరగతి మార్కుల జాబితాలో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమో, చివర్నో ఉంటుంది. దరఖాస్తు దగ్గర రెండూ కలవక ఆగిపోతుంది. డబ్బు కట్టకముందే ఆధార్‌ని టెన్త్ సర్టిఫికెట్‌తో సరిపోయేలా దిద్దించుకోండి. ఇదివరకు పాస్‌పోర్టు అడిగేవారు. 2023 సవరణ తరవాత ఓటరు కార్డు, రేషన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు లాంటి ప్రభుత్వ గుర్తింపు చాలు. డాక్టర్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ చాలా సంస్థలు అడుగుతాయి, ఒకటి చేతిలో ఉంచుకోండి. దరఖాస్తులు డీజీసీఏ వారి ఈజీసీఏ పోర్టల్ మీద నడుస్తున్నాయి. అక్కడ ఖాతా మీ సొంత ఫోన్ నంబరుతో, మీ సొంత మెయిల్‌తో తెరవండి. సంస్థవాళ్ల నంబరుతో తెరిస్తే తరవాత ప్రతి ఓటీపీకీ వాళ్లను బతిమాలుకోవాలి. పరీక్ష పాసయ్యాక సర్టిఫికెట్ సంస్థ ద్వారానే జారీ అవుతుంది, పదేళ్లు చెల్లుతుంది. ప్రభుత్వ ఫీజు 100 రూపాయలే. మీరు కట్టే వేలన్నీ శిక్షణకే.

పరీక్షలో జనం తడబడేది థియరీలో కాదు. డ్రోన్ ముక్కు మీవైపు తిరిగినప్పుడు. అది మీకు ఎదురుగా ఉంటే స్టిక్ కుడికి నొక్కితే అది మీ ఎడమకి పోతుంది. ఎనిమిది అంకె ఆకారంలో తిప్పమన్నప్పుడు సగం దారి అలాగే ఉంటుంది. పైగా జీపీఎస్ ఆపేసి ఎగరేయమంటే గాలికి జరిగిపోతుంటుంది. కంగారులో స్టిక్ గట్టిగా నొక్కేస్తారు, అది ఇంకా దూరం పోతుంది. దీనికి మందు సిమ్యులేటరే. కోర్సుకి వెళ్లే ముందే కంప్యూటర్‌లో రోజుకి అరగంట, ముక్కు మీవైపు పెట్టి ఒక్కచోట నిలబెట్టడం మాత్రమే సాధన చేయండి. స్టిక్‌ని పిసరంత కదిపి వదిలేయడం వేళ్లకి అలవాటు కావాలి.

ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీది తప్పనిసరి అన్నాం కదా. పాలసీ తీసుకునేటప్పుడు మినహాయింపుల పేజీ చదవండి. నిషేధిత ప్రాంతంలో ఎగరేసినా, సర్టిఫికెట్ లేనివాడు ఎగరేసినా క్లెయిము ఇవ్వరు. స్టూడియోలో ఇంకొకరికి 'కాసేపు పట్టుకో' అని రిమోట్ ఇచ్చే అలవాటు అక్కడే దెబ్బ కొడుతుంది. ప్రమాదం జరిగితే 48 గంటల్లో డీజీసీఏకి పోర్టల్ ద్వారా తెలపాలి. అప్పటి ఫ్లైట్ లాగ్ (డ్రోన్ ఎలా ఎగిరిందో నమోదయ్యే రికార్డు) తుడిచేయకండి. మీ తప్పు లేదని చూపించేది అదే.

తీరంలో పనిచేస్తారు కాబట్టి గాలి గురించి. తెల్లవారుజామున గాలి నేల నుంచి సముద్రం వైపు వీస్తుంది. సూర్యోదయం షాట్‌కి డ్రోన్ లోపలికి హాయిగా పోతుంది, బ్యాటరీ ఖర్చే తెలియదు. తిరిగి వచ్చేటప్పుడు ఎదురుగాలి. 40 శాతం ఉంది కదా అని వెనక్కి తిప్పితే ఒడ్డు దాకా రాకుండానే నీళ్లలో పడుతుంది. పొద్దున పూట సముద్రం మీదికి వెళ్తే 60 శాతం దగ్గరే వెనక్కి తిప్పండి. మధ్యాహ్నం సముద్రపు గాలికి లెక్క తిరగబడుతుంది, అప్పుడు వచ్చేదే సులువు. కింద ఇసుకలో నిలబడితే గాలి లేనట్టే ఉంటుంది, వంద మీటర్ల పైన వేరే. ముందు నిటారుగా పైకి లేపి, ఒక్కచోట నిలిపి, డ్రోన్ ఎంత వంగి నిలబడుతోందో చూడండి. బాగా వంగి కష్టపడుతుంటే ఆ రోజుకి దించేయండి.

డాబాల మీద నుంచి లేపేటప్పుడు స్లాబులో ఉన్న ఇనుము దిక్సూచిని తికమక పెడుతుంది. లేచిన డ్రోన్ నిలబడకుండా గుండ్రంగా తిరగడం, ఆ చుట్టు పెద్దదవుతూ పోవడం దాని గుర్తు. చెక్క బల్లో, ప్లాస్టిక్ కుర్చీయో వేసి దాని మీద నుంచి లేపండి. స్లాబు మీద పెట్టి కంపాస్ కాలిబ్రేషన్ ఎప్పుడూ చేయకండి. బీచ్‌లో పని అయ్యాక కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డతో బాడీ, రెక్కలు తుడిచి, మోటార్లను చేత్తో తిప్పి చూడండి. గరగర వినిపిస్తే ఇసుక చేరినట్టు, అలాగే ఎగరేయొద్దు.

మీ ప్రశ్నకి మా జవాబు ఇది. బిల్లులేని డ్రోన్ వద్దు. పెళ్లి షూట్ల వరకే అయితే నానో కొని, రిజిస్ట్రేషన్ చేయించి, రుషికొండ అవతల పనులు పట్టండి. బీచ్ రోడ్డు పని వచ్చినప్పుడు ఆ ఉదయం మ్యాపు చూసి, రంగు కుదరకపోతే నేల మీద గింబల్ (కెమెరా కుదుపు లేకుండా పట్టే పరికరం)తో తీసివ్వండి. సర్వే, స్ప్రేయింగు వైపు వెళ్లాలని గట్టిగా అనుకుంటే, డ్రోన్ కొనకుండానే ముందు కోర్సు చేయండి. స్ప్రే డ్రోన్లున్న సంస్థలు, రైతు సంఘాలు సర్టిఫికెట్ ఉన్న పైలట్ల కోసం చూస్తుంటాయి. ఒక సీజన్ వాళ్ల డ్రోన్ మీద పనిచేశాక సొంతది కొనాలా వద్దా మీకే తెలుస్తుంది. ఈలోగా ఆధార్‌లో పేరు సరిచేయించే పని ఈ వారమే మొదలుపెట్టండి.